వియత్నాంలో క్వాంగ్ త్రి: అంత చిన్న నేల మీద అంత పెద్ద యుద్ధం ఎందుకు జరిగింది?

అట్లాస్_అన్న:
వియత్నాం యుద్ధం గురించి ఏది చదివినా అవే పేర్లు ఎదురవుతున్నాయి. ఖే సాన్, కాన్ తియెన్, డాంగ్ హా, విన్ మోక్ సొరంగాలు, హియెన్ లువాంగ్ వంతెన, థాక్ హాన్ నది ఒడ్డున కోట. మ్యాప్ ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ గుర్తు పెడుతూ పోతే అన్నీ క్వాంగ్ త్రి అనే ఒక్క ప్రావిన్స్‌లోనే పడ్డాయి. దాని విస్తీర్ణం 4,700 చదరపు కిలోమీటర్ల చిల్లర. మన పాత శ్రీకాకుళం జిల్లా కంటే చిన్నది. అక్కడ పెద్ద నగరం లేదు, చెప్పుకోదగ్గ గనులు లేవు, అప్పటి ఉత్తర, దక్షిణ వియత్నాంల రాజధానులు హనోయ్, సైగాన్ రెండూ దూరమే. తూర్పున సముద్రం, పడమట లావోస్. అలాంటి చోట 1954 నుంచి 1973 దాకా ఎవరూ ఊపిరి పీల్చుకోలేదు. ఇది నేల స్వభావం వల్ల జరిగిందా, రాజకీయాల వల్లా? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి, తొందరేం లేదు.

నెల్లూరు_టీచర్:
మంచి ప్రశ్న వేశారండీ. వియత్నాం దేశం మధ్యలో నడుము సన్నబడి ఉంటుంది. అన్నిటికంటే సన్నని చోట సముద్రానికీ లావోస్ సరిహద్దుకూ మధ్య 50 కిలోమీటర్లే. అది క్వాంగ్ త్రికి ఆనుకుని ఉత్తరాన ఉన్న క్వాంగ్ బిన్‌లో వస్తుంది. క్వాంగ్ త్రి దానికంటే కొంచెం వెడల్పు, అంతే. ఉత్తరం నుంచి దక్షిణానికి ఏ సైన్యం వెళ్ళాలన్నా ఈ సన్నని దారిలోంచే పోవాలి, లేదంటే పడమటి కొండలు ఎక్కి లావోస్ మీదుగా చుట్టు తిరగాలి. రెండు దారులకూ క్వాంగ్ త్రి గుమ్మం లాంటిది.

తీరం నుంచి లోపలికి వెళ్తుంటే నేల త్వరత్వరగా మారిపోతుంది. ముందు తెల్లటి ఇసుక దిబ్బలు. తర్వాత సన్నని వరి మైదానం. ఆ తర్వాత జో లిన్, కాన్ తియెన్ దగ్గర ఎర్రమట్టి గుట్టలు, ఇప్పుడు అక్కడ మిరియాలు, రబ్బరు తోటలు. ఇంకా పడమటికి వెళ్తే త్రువాంగ్ సాన్ కొండలు, దట్టమైన అడవి. అక్కడ ఎక్కువగా బ్రూ వాన్ కియెవ్ గిరిజనులు ఉంటారు.

వాతావరణం గురించి చెప్పకపోతే ఈ యుద్ధం సగమే అర్థమవుతుంది. మనకు వాన తెచ్చే నైరుతి రుతుపవనమే అక్కడికీ వెళ్తుంది. కానీ లావోస్ వైపు కొండల మీద తడంతా కురిసేసి, ఇవతలికి దిగేసరికి ఎండు వడగాలిగా మారుతుంది. దాన్ని అక్కడ లావో గాలి అంటారు. మే నుంచి ఆగస్టు దాకా పైరు మాడ్చేస్తుంది. వాళ్ళ అసలు వానలు సెప్టెంబరు నుంచి మొదలవుతాయి, తుపాన్లు కూడా అప్పుడే. మా నెల్లూరు వైపు వాళ్ళకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది, మాకూ పెద్ద వాన ఈశాన్యంలోనే కదా. ఇక చలికాలంలో కొండల మీద రోజుల తరబడి దిగకుండా ఉండే పొగమంచు, సన్న జల్లు. ఆ మంచు 1968లోనూ 1972లోనూ విమానాలను ఎంత ఇబ్బంది పెట్టిందో సైన్యం సంగతులు తెలిసినవాళ్ళు చెప్తే బాగుంటుంది.

చరిత్ర_చదువరి:
టీచర్ గారు చెప్పింది నిజమే. కానీ నేల ఒక్కటే కారణమైతే ఆ ప్రాంతం వేల ఏళ్ళుగా రణరంగంగా ఉండాలి. అలా లేదు. 1306లో దక్షిణాన ఉన్న చంపా రాజ్యపు రాజు చే మాన్, ఉత్తరాన ఉన్న వియత్నామీయుల రాజ్యం దాయ్ వియెట్ రాకుమారి హుయెన్ త్రాన్‌ను పెళ్ళాడినప్పుడు కన్యాశుల్కంగా ఇచ్చిన రెండు సీమల్లో ఈ నేల దక్షిణ భాగం ఉంది. ఆ తర్వాత వాళ్ళలో వాళ్ళకు పోరాటాలు జరిగాయి, నేను కాదనను. కానీ దాన్ని ప్రపంచ పటం మీద గాయంగా మార్చింది మాత్రం 1954 జులైలో జెనీవాలో జరిగిన బేరం.

ఆ బేరం సంగతి చూడండి. ఫ్రెంచి పాలన మీద పోరాడిన కమ్యూనిస్టుల నాయకత్వంలోని వియెట్ మిన్‌కూ ఫ్రెంచివాళ్ళకూ మధ్య దేశాన్ని తాత్కాలికంగా విడదీసే గీత ఎక్కడ గీయాలన్న దగ్గర వియెట్ మిన్ వాళ్ళు 13వ అక్షాంశం నుంచి మొదలుపెట్టారు. ఫ్రెంచివాళ్ళు 18 అన్నారు. వియెట్ మిన్ 16 దాకా వచ్చారు. అక్కడ ఒప్పుకుంటే హుయే, దనాంగ్, వీటితో పాటు 9వ నంబరు రోడ్డు కూడా ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి పోతాయి. లావోస్‌కు సముద్రం చేరడానికి ఆ రోడ్డే దారి. అందుకే ఫ్రెంచి ప్రధాని మెండెస్ ఫ్రాన్స్ దాన్ని వదలనన్నారు. చివరికి సోవియట్ మంత్రి మొలొటోవ్ 17 అన్నారు, అక్కడ తెగింది. 17వ అక్షాంశానికి దగ్గర్లో పారుతోంది కాబట్టి బెన్ హాయ్ అనే చిన్న నది సరిహద్దయింది. నదికి అటు 5 కిలోమీటర్లు, ఇటు 5 కిలోమీటర్లు సైన్యం లేని మండలం. అదే డీఎంజెడ్. ఒకే ప్రావిన్స్ రెండు దేశాలకు చీలింది. నదికి ఉత్తరాన ఉన్న విన్ లిన్ కమ్యూనిస్టు ఉత్తర వియత్నాం వైపు, మిగతాదంతా దక్షిణ వియత్నాం వైపు. రెండేళ్ళలో, అంటే 1956 జులైకల్లా ఎన్నికలు పెట్టి దేశాన్ని కలుపుతామన్నారు. ఆ ఎన్నికలు జరగనే లేదు.

మనవాళ్ళకు ఇక్కడ నేరుగా సంబంధం ఉంది. ఆ ఒప్పందం అమలును చూడడానికి వేసిన అంతర్జాతీయ సంఘంలో కెనడా, పోలండ్‌లతో పాటు భారత్ ఉంది, అధ్యక్ష స్థానం భారత్‌దే. మన సైనికాధికారులు, దౌత్యవేత్తలు ఏళ్ళ తరబడి అక్కడ పనిచేశారు. ఫిర్యాదులు రాసుకోవడం తప్ప ఆపగలిగే అధికారం వాళ్ళ చేతిలో లేకపోయింది. దాని మీద మన భాషలో రావలసినంత రాలేదని నాకు నిజంగా బాధగా ఉంటుంది.

స్వప్న_హైదరాబాద్:
అంటే ఒక ఊరివాళ్ళు నదికి అటూ ఇటూ అయిపోయారా? వంతెన మీద రాకపోకలు ఉండేవా?

చరిత్ర_చదువరి:
మొదట్లో పర్మిట్ల మీద కొద్దిగా ఉండేవమ్మా, తర్వాత తెగిపోయాయి. భార్య ఇవతల, భర్త అవతల ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. బెన్ హాయ్ నది మీది హియెన్ లువాంగ్ వంతెన పొడవు 178 మీటర్లు. సరిగ్గా మధ్యలో తెల్ల గీత. ఉత్తరం వైపు 450 చెక్కలు, దక్షిణం వైపు 444. వంతెన రంగు మీద కూడా పోరాటమే. దక్షిణం వాళ్ళు తమ సగానికి ఒక రంగు వేస్తే ఉత్తరం వాళ్ళు వంతెనంతా ఒకటిగా కనపడాలని అదే రంగు తమ సగానికి వేసేవాళ్ళట. మళ్ళీ ఇవతలివాళ్ళు మార్చేసేవాళ్ళు. జెండా స్తంభాలూ పోటీ పడి పెరిగాయి. 1962కల్లా ఉత్తరాది స్తంభం 38.6 మీటర్లకు చేరింది. పెద్ద మైకులు నది మీదుగా అరుచుకునేవి. 1967లో అమెరికా బాంబులకు ఆ వంతెన కూలింది. ఇప్పుడు చూసేది పాత పద్ధతిలో మళ్ళీ కట్టింది.

మాజీ_సుబేదార్:
అందరికీ నమస్కారం. సైన్యంలో ఫిరంగి దళంలో పనిచేశాను కాబట్టి నా వైపు నుంచి రాస్తాను.

చదువరి గారు 9వ నంబరు రోడ్డు అన్నారు కదా, నా దృష్టిలో కథంతా ఆ రోడ్డు మీదే ఉంది. డాంగ్ హా దగ్గర, తీరం వెంట వెళ్ళే 1వ నంబరు రోడ్డు నుంచి విడిపోయి, కామ్ లో మీదుగా కొండలెక్కి, ఖే సాన్ దాటి, లావ్ బావ్ దగ్గర లావోస్‌లో దిగుతుంది. కొండల అవతల ఉత్తరాదివాళ్ళ హో చి మిన్ బాట ఉంది. డీఎంజెడ్‌ను తప్పించుకుని సరుకు, మనుషులు, మందుగుండు దక్షిణానికి దిగేది ఆ బాట మీదే. 9వ రోడ్డు ఆ బాటను అడ్డంగా కోసే కత్తెర. దక్షిణ వియత్నాం తరఫున దిగిన అమెరికన్లు ఈ రోడ్డు పొడవునా గొలుసులా స్థావరాలు పెట్టారు. డాంగ్ హా, కామ్ లో, క్యాంప్ క్యారల్, రాక్‌పైల్, ఖే సాన్. క్యాంప్ క్యారల్‌లో 175 మిల్లీమీటర్ల ఫిరంగులుండేవి, 30 కిలోమీటర్లకు పైగా కొడతాయి. ఖే సాన్‌కు వెనక అండ అవే.

ఖే సాన్ సంగతి. లావోస్ సరిహద్దుకు దాదాపు 10 కిలోమీటర్లు, డీఎంజెడ్‌కు 20 కిలోమీటర్ల పైచిలుకు. ఎర్రమట్టి పీఠభూమి, దాని మీద ఒక విమానాల పట్టీ, చుట్టూ 881, 861 లాంటి కొండలు. ఎత్తు మీటర్లలో ఎంత ఉంటే కొండకు అదే పేరు. 1968 జనవరి 21న ముట్టడి మొదలైంది. లోపల దాదాపు 6,000 మంది, ఎక్కువగా అమెరికన్ మెరైన్లు, వాళ్ళతో దక్షిణ వియత్నాం రేంజర్ల బెటాలియన్ ఒకటి. మొదటి రోజే స్థావరంలోని మందుగుండు డిపో పేలిపోయింది. ఫిబ్రవరి 7న పక్కనే ఉన్న లాంగ్ వే క్యాంపు మీదకు ఉత్తరాదివాళ్ళు ట్యాంకులతో వచ్చి తొక్కేశారు. రోడ్డు తెగింది కాబట్టి తిండి, నీళ్ళు, మందులు, అన్నీ ఆకాశం నుంచే రావాలి. టీచర్ గారు చెప్పిన మంచు అక్కడే ప్రాణం తీసింది. మబ్బు నేల దాకా దిగితే పైలట్‌కు పట్టీ కనపడదు, కనపడేంత కిందికి దిగితే కొండల మీది తుపాకులకు దొరుకుతాడు. పెద్ద విమానాలు దిగడం ఆపేసి, నేలకు దగ్గరగా ఎగురుతూ వెనక తలుపు తెరిచి సరుకు జార్చేవాళ్ళు.

ఆ 77 రోజుల్లో చుట్టుపక్కల లక్ష టన్నుల దాకా బాంబులు వేశారు. ఏప్రిల్‌లో రోడ్డు తెరిచారు. జులైలో ఆ స్థావరాన్ని వాళ్ళే కూలగొట్టుకుని వెళ్ళిపోయారు. అన్ని ప్రాణాలు పోసి నిలబెట్టుకున్నదాన్ని మూడు నెలల్లో వదిలేయడం ఏ సైనికుడికైనా మింగుడుపడదు.

అట్లాస్_అన్న:
సుబేదార్ గారూ, ఖే సాన్ అసలు లక్ష్యం కాదనీ, టెట్ (వియత్నాం కొత్త సంవత్సరం) పండుగప్పుడు నగరాల మీద చేసిన దాడికి ముందు అమెరికన్ల చూపు అటు తిప్పడానికి వేసిన ఎత్తనీ అంటారు. మీ అభిప్రాయం?

మాజీ_సుబేదార్:
చరిత్రకారులు ఇప్పటికీ తేల్చలేదు బాబూ. నా మనసుకు తోచింది చెప్తాను. దొరికితే పట్టుకోవాలి, దొరక్కపోయినా శత్రువు బలగాన్ని కొండల్లో కట్టిపడేయాలి, రెండూ వాళ్ళ లెక్కలో ఉన్నాయి. జనవరి చివర్లో టెట్ దాడి నగరాల మీద పడేసరికి అక్కడి అమెరికా సేనాని వెస్ట్‌మోర్‌ల్యాండ్ దృష్టి ఖే సాన్ మీదే ఉంది. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ వైట్‌హౌస్‌లో ఖే సాన్ నమూనా పెట్టించుకుని చూసేవాడు. 1954లో ఫ్రెంచివాళ్ళకు దియెన్ బియెన్ ఫూ ముట్టడిలో జరిగిన ఓటమే తమకూ జరుగుతుందేమోనని వాళ్ళకు అంత టెన్షన్. అయితే ఆ ఎత్తుకు అవతలివాళ్ళు పోసిన రక్తం కూడా తక్కువేం కాదు. బి-52 బాంబర్ విమానాల కింద ఆ కుర్రాళ్ళు ఎలా నిలబడ్డారో తలుచుకుంటే ఏ పక్షమైనా సెల్యూట్ చేయాలనిపిస్తుంది.

అరకు_కాఫీ:
చిన్న మాట. ఖే సాన్ చుట్టుపక్కల కాఫీ తోటలు ఫ్రెంచివాళ్ళ కాలం నుంచీ ఉన్నాయి. వియత్నాం కాఫీ అంటే ఎక్కువగా రోబస్టా, కానీ ఈ కొండల మీద పండేది అరబికా. ముట్టడి జరిగిన ఆ విమానాల పట్టీ చుట్టూ కూడా ఇప్పుడు కాఫీ మొక్కలే.

దనాంగ్_డైరీ:
నేను ఉద్యోగం మీద దనాంగ్‌లో ఉంటున్నాను. విన్ మోక్ చూశాను కాబట్టి దాని గురించి రాస్తాను. యుద్ధం అంటే స్థావరాలు, ఫిరంగులు మాత్రమే అనుకుంటాం కానీ నాకు ఆ ప్రావిన్స్ అర్థమైంది ఈ ఊళ్ళోనే.

విన్ మోక్ డీఎంజెడ్‌కు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న జాలరుల ఊరు. తీరానికి 30 కిలోమీటర్ల లోపే కాన్ కో అనే చిన్న దీవి ఉంది. ఉత్తరాదివాళ్ళు అక్కడ సైన్యం పెట్టారు. దానికి బియ్యం, మందుగుండు రాత్రిపూట పడవల మీద చేరవేసింది ఈ తీరం ఊళ్ళవాళ్ళే. అందుకని ఈ తీరాన్ని అమెరికా విమానాలు, సముద్రం నుంచి ఓడలు కలిసి కొట్టాయి. 1965 చివర్లో ఊరివాళ్ళు కొండచరియలోకి తవ్వడం మొదలుపెట్టారు. చేతి పారలు, గునపాలే. అక్కడి ఎర్రమట్టి తడిగా ఉన్నప్పుడు మెత్తగా తెగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది, అందుకే కర్రల ఊతం పెద్దగా లేకుండానే నిలబడింది. తవ్విన మట్టి పైన కుప్పగా కనపడితే విమానం పసిగడుతుందని సముద్రంలో పోసేవాళ్ళు.

లోపల మూడు అంతస్తులు, అడుగుది 20 మీటర్ల పైన లోతు. మొత్తం పొడవు 1.7 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 13 ద్వారాల్లో 7 సముద్రం వైపు తెరుచుకుంటాయి, గాలి వచ్చేది వాటిలోంచే. నేను మరీ పొడవు కాదు, అయినా తల వంచుకునే నడిచాను. గోడకు అటూ ఇటూ చిన్న చిన్న గూళ్ళు. ఒక్కో గూడు ఒక్కో కుటుంబానికి. ముగ్గురు నలుగురు కాళ్ళు ముడుచుకుంటే నిండిపోతుంది. చెయ్యి ఆనిస్తే గోడ చల్లగా, చెమటపట్టినట్టు తడిగా ఉంటుంది, గునపం దెబ్బలు వేలికి తెలుస్తాయి. బావి ఉంది, పొగ పైకి నేరుగా పోకుండా కట్టిన వంటగది ఉంది, మీటింగులు పెట్టుకునే గది ఉంది. ఒకచోట పురిటి గది. ఆ సొరంగాల్లో 17 మంది పిల్లలు పుట్టారు. ఆ గది దగ్గర మా గుంపులో ఎవరూ మాట్లాడలేదు.

విన్ లిన్ నుంచి వేల మంది పిల్లల్ని 1966, 67ల్లో ఉత్తరాన ఉన్న ప్రావిన్సులకు పంపేశారు. అమ్మానాన్నలు ఇక్కడ, పిల్లలు ముక్కూముఖం తెలియని ఊళ్ళో. మన దగ్గర ఎవరికైనా వియత్నాం యుద్ధమంటే అమెరికన్ సైనికుల కథలే ముందు గుర్తొస్తాయి, ఈ తల్లిదండ్రుల గురించి తెలియాలి.

స్వప్న_హైదరాబాద్:
చదువుతుంటే గుండె పట్టేసింది. ఒక్కటి అడుగుతాను. అందరూ ఉత్తరాదివాళ్ళ త్యాగం, అమెరికన్ల సంగతి రాస్తున్నారు. దక్షిణ వియత్నాం సైనికులు, అక్కడి మామూలు జనం ఏమయ్యారు?

చరిత్ర_చదువరి:
అడగాల్సింది అడిగావమ్మా. 1972 సంగతి చెప్తేనే దానికి జవాబు.

అప్పటికి అమెరికా పదాతి దళాలు చాలావరకు వెళ్ళిపోయాయి. మార్చి 30న ఉత్తరాది సైన్యం డీఎంజెడ్ మీదుగా, లావోస్ వైపు నుంచి ఒకేసారి వచ్చి పడింది. ట్యాంకులు, 130 మిల్లీమీటర్ల ఫిరంగులు. మబ్బులు కమ్ముకుని ఉన్న రోజులు చూసుకుని వచ్చారు. ఏప్రిల్ 2న క్యాంప్ క్యారల్ లొంగిపోయింది. అదే రోజు డాంగ్ హా వంతెనను పేల్చేసి ట్యాంకుల్ని కొన్నాళ్ళు ఆపారు. మే 1కల్లా క్వాంగ్ త్రి పట్నం పడిపోయింది. ఆ దాడిలో దక్షిణ వియత్నాం వాళ్ళ చేతిలోంచి పోయిన మొదటి ప్రావిన్స్ రాజధాని అది. పట్నం నుంచి హుయే వైపు 1వ నంబరు రోడ్డు మీద పిల్లాపాపలతో పారిపోతున్న జనం, వెనక్కి తగ్గుతున్న సైనికులు, అంబులెన్సులు, బస్సులు, అన్నీ కలిసిపోయిన ఆ వరస మీద ఫిరంగి గుండ్లు కురిశాయి. ఆ రోడ్డు ముక్కను దక్షిణాదివాళ్ళు భయానక రహదారి అన్నారు. ఇప్పుడు అక్కడి అధికారిక చరిత్రలో దీనికి దక్కిన చోటు చాలా తక్కువ. చనిపోయింది కూడా వియత్నాం జనమే, వాళ్ళను తలుచుకోకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

తర్వాత దక్షిణ సైన్యం తిరిగి వచ్చింది. థాక్ హాన్ నది ఒడ్డున న్యుయెన్ రాజుల కాలపు ఇటుక కోట ఉంది, నలుచదరం, చుట్టూ కందకం. జూన్ 28 నుంచి సెప్టెంబరు 16 దాకా, 81 రోజులు దాని కోసం కొట్టుకున్నారు. అప్పుడు పారిస్‌లో శాంతి చర్చలు నడుస్తున్నాయి. కోట ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటకు బలం. ఉత్తరాది వైపు కుర్రాళ్ళలో చాలామంది కాలేజీ చదువు మధ్యలో వదిలి వచ్చినవాళ్ళు. రాత్రుళ్ళు నది ఈది కోటలోకి వెళ్ళేవాళ్ళు, ఎందరో నదిలోనే పోయారు. చివరికి దక్షిణ వియత్నాం మెరైన్లు కోట గోడల మీద జెండా ఎగరేశారు. అప్పటికి పట్నంలో నిలబడి ఉన్న ఇల్లు లేదు.

ఇక నా మొదటి మాటకు వస్తాను. ఈ కోటకు సైనికంగా పెద్ద విలువ లేదు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు అది కావాలి, అంతే. అందుకే రాజకీయమే ముందు అంటున్నాను.

నెల్లూరు_టీచర్:
కోట విషయంలో ఒప్పుకుంటాను చదువరి గారూ. కానీ జెనీవాలో ఫ్రెంచివాళ్ళు పట్టుబట్టిందే 9వ రోడ్డు కోసమని మీరే రాశారు. ఆ రోడ్డు అక్కడ ఎందుకుంది? కొండల వరసలో దాటడానికి వీలైన తక్కువ ఎత్తు కనుమ అక్కడ ఉంది కాబట్టి. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు బేరమాడింది కూడా నేల గురించే.

చరిత్ర_చదువరి:
ఆ కనుమ మాట బలంగానే ఉంది. ఎన్నికలు జరిగి ఉంటే అదే కనుమ మీద బస్సులు తిరిగేవని మాత్రం నేను అంటాను.

మాజీ_సుబేదార్:
ఇద్దరూ కలిపి ఒకటి మర్చిపోకండి, 1971 ఫిబ్రవరిలో దక్షిణాదివాళ్ళు ఈ 9వ రోడ్డు మీదే లావోస్‌లోకి వెళ్ళి హో చి మిన్ బాటను కోయాలని చూశారు. లామ్ సాన్ 719 అంటారు. ఖే సాన్‌ను మళ్ళీ తెరిచి అక్కడి నుంచి బయల్దేరారు. లావోస్‌లోని చెపోన్ పట్నం దాకా వెళ్ళారు కానీ, తిరుగు దారిలో చాలా నష్టపోయారు. ఒకే ఒక్క రోడ్డు, రెండు పక్కలా కొండలు, శత్రువుకు ఎక్కడ కాచుకోవాలో ముందే తెలుసు. నేల ఎవరి పక్షమూ కాదు, దాన్ని ముందు నేర్చుకున్నవాడిదే.

అట్లాస్_అన్న:
1973 తర్వాత ఏమైంది? ఇప్పుడు ఎలా ఉంది అక్కడ?

దనాంగ్_డైరీ:
1973 జనవరి పారిస్ శాంతి ఒప్పందం నాటికి ప్రావిన్స్‌లో ఎక్కువ భాగం ఉత్తరాదివాళ్ళ చేతిలో ఉంది. దక్షిణాన వాళ్ళు ప్రకటించిన తాత్కాలిక విప్లవ ప్రభుత్వానికి కామ్ లోలో కార్యాలయం పెట్టారు. ఆ సెప్టెంబరులో ఫిడెల్ కాస్ట్రో అక్కడి దాకా వచ్చి వెళ్ళాడు. యుద్ధం ఇంకా పూర్తిగా ఆగని చోటికి వేరే దేశం నాయకుడు రావడం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కానీ నేలలో యుద్ధం ఆగలేదు. ప్రావిన్స్ భూమిలో 80 శాతానికి పైగా పేలని బాంబులు కలిసి ఉన్నాయని లెక్క. 1975 తర్వాత, అంటే శాంతి వచ్చాక, వీటివల్ల చనిపోయినవాళ్ళు, గాయపడినవాళ్ళు కలిపి 8,000 మంది పైనే. ఎక్కువ ప్రమాదం క్లస్టర్ బాంబుల్లోని చిన్న గుండ్లతో. టెన్నిస్ బంతి అంత ఉంటాయి, లోపల ఉక్కు గుళికలు. తుప్పు పట్టి మట్టి రంగులో ఉంటే పిల్లాడు రాయి అనుకుని తీస్తాడు. యుద్ధం తర్వాతి ఆకలి రోజుల్లో పాత ఇనుము ఏరి అమ్ముకుని బతికిన పెద్దవాళ్ళు కూడా ఎందరో పోయారు.

ఈ పేలని బాంబుల్ని తీసే రెన్యూ అనే ప్రాజెక్ట్ 2001లో అక్కడే మొదలైంది. స్థానికులే పనిచేస్తారు, మహిళలు కూడా చాలామంది ఉన్నారు. నేను రోడ్డు మీద నుంచి ఒక పొలం చూశాను. తాళ్ళు కట్టి పొలాన్ని సన్న పట్టీలుగా విడదీశారు. ఒక అమ్మాయి డిటెక్టర్‌ను నేలకు ఆనీ ఆనకుండా తిప్పుతూ, చప్పుడు వచ్చిన చోట ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని చిన్న తాపీతో మట్టిని పక్క నుంచి గీకుతోంది. పైనుంచి తవ్వదు. పొలం రైతు గట్టు అవతల నిలబడి చూస్తున్నాడు. ఎవరికి అనుమానం వచ్చినా హాట్‌లైన్‌కు ఫోన్ చేస్తే మనుషులు వస్తారు, బళ్ళలో పిల్లలకు కూడా ఇది నేర్పుతారు. అందుకే ఇటీవలి సంవత్సరాల్లో ప్రమాదాలు బాగా తగ్గాయి. అంత ఓపిగ్గా చేసే పని నేను ఇంకెక్కడా చూడలేదు.

కొండల మీద వేరే కష్టం. 2020 అక్టోబరు వరదల్లో హువాంగ్ హోవా వైపు కొండచరియ విరిగి 22 మంది సైనికులు బ్యారక్‌లోనే చనిపోయారు.

స్వప్న_హైదరాబాద్:
చనిపోయినవాళ్ళ సమాధులు అక్కడే ఉన్నాయా?

దనాంగ్_డైరీ:
ఉత్తరాదివాళ్ళవి ఉన్నాయండీ. ఒక్క ఆ ప్రావిన్స్‌లోనే 72 అమరవీరుల శ్మశానాలు. త్రువాంగ్ సాన్ శ్మశానంలో 10,000కు పైగా సమాధులు, 9వ రోడ్డు దగ్గర ఉన్నదానిలోనూ దాదాపు అన్ని ఉన్నాయి. పేరు తెలియని రాళ్ళు చాలా. ఏటా జులై 27న, యుద్ధ అమరవీరుల దినాన, దేశం నలుమూలల నుంచి కుటుంబాలు వస్తాయి. దక్షిణ సైనికుల కుటుంబాలకు అలా వెళ్ళి దీపం పెట్టుకునే చోటు అక్కడ లేదు.

అట్లాస్_అన్న:
అందరికీ కృతజ్ఞతలు. చివరగా ఒకటి. కొత్త ఆన్‌లైన్ మ్యాప్‌లో క్వాంగ్ త్రి మునుపటికంటే చాలా పెద్దదిగా కనపడుతోంది, డాంగ్ హా కూడా రాజధాని కాదంటోంది. ఎందుకు?

దనాంగ్_డైరీ:
2025 జులై 1 నుంచి వియత్నాం ప్రావిన్సులను కలిపేశారు. క్వాంగ్ బిన్, క్వాంగ్ త్రి ఒకటయ్యాయి, పేరు క్వాంగ్ త్రి అని ఉంచారు, పాలనా కేంద్రం ఉత్తరాన డాంగ్ హోయ్. 1976 నుంచి 1989 దాకా కూడా హుయేతో కలిపి మూడూ ఒకే ప్రావిన్స్‌గా ఉండేవి. కాబట్టి టీచర్ గారు చెప్పిన ఆ సన్నని నడుము ఇప్పుడు అధికారికంగా క్వాంగ్ త్రిలోనే ఉంది. పాత పుస్తకాలతో పోల్చేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఎవరైనా వెళ్ళాలనుకుంటే హుయే నుంచి రైల్లో డాంగ్ హా దిగండి. ఒక రోజు వంతెన, విన్ మోక్, కాన్ తియెన్ వైపు, ఇంకో రోజు 9వ రోడ్డు మీద ఖే సాన్, లావ్ బావ్ వైపు పెట్టుకోండి. జులైలో లావో గాలి, అక్టోబరులో వరద, అందుకని మార్చి, ఏప్రిల్ మేలు. పాత స్థావరాల దగ్గర నడిచి అరిగిన బాట దాటి గడ్డిలోకి అడుగు పెట్టొద్దు, ఫొటో కోసం కూడా వద్దు.